పాత పార్టుల సంచి

వైశాలి, ఘజియాబాద్
18 ఏప్రిల్ 2025

అక్కా,

కుశల ప్రశ్నలన్నీ తర్వాత. ముందు నా గోడు విను. నీ కారు ఏసీ వేడిగాలి కొడుతోంది! ఇక్కడ అప్పుడే నలభై రెండు దాటింది. వైశాలి నుంచి నోయిడాలో ఆఫీసుకి చేరేసరికి ఇడ్లీపాత్రలోంచి దిగినట్టు దిగుతున్నాను. అద్దాలు దించితే లారీల పొగ, ఎత్తితే ఆవిరి.

మా మార్కెట్లో ఒక మెకానిక్ భయ్యా ఉన్నాడు. గ్యాస్ అయిపోయింది సాబ్ అని నింపాడు. మూడు రోజులకి మళ్ళీ అదే వేడి. మళ్ళీ వెళ్తే మళ్ళీ నింపాడు. ఇప్పుడు కంప్రెసరే పోయిందంటున్నాడు. నాకు అనుమానంగా ఉంది గానీ ఏవిటని అడగను? నాకు స్టీరింగ్ తప్ప ఇంకేం తెలీదని నీకు తెలుసుగా. నలభయ్యో ఏట డ్రైవింగు నేర్చుకుని, దాంతోపాటు ఇంజనంతా నేర్చేసుకున్నదానివి నువ్వు. ఏం చెయ్యాలో చెప్పు.

నా గొంతు అచ్చం నాన్న గొంతులా ఉంటుంది, ఫోన్లో వినలేను, ఉత్తరం రాయి అన్నావు. రాస్తున్నాను. స్కూలు వదిలాక ఇంత పొడుగు తెలుగు రాయడం ఇదే. నేహా నా వెనక నిలబడి "పాపా, ఇత్నా గోల్ గోల్ క్యా లిఖ్ రహే హో" అని, ఈ గుండ్రాలన్నీ ఏమిటని నవ్వుతోంది. ఎనిమిదేళ్ళొచ్చాయి, తెలుగులో అ రాయడం రాదు దానికి.

కారు నాకే రాసిచ్చేస్తానన్నావు కదా, ఆ ఫారాల సంగతి తొందరేం లేదు. ఇన్సూరెన్సు జూన్‌లో అయిపోతుందని గుర్తు చేస్తున్నానంతే.

ఇంకొకటి. ఆ బ్యాటరీ సంగతి తలుచుకుని ఏడవకు. అది నీ తప్పు కాదు. ఎవరికైనా జరుగుతుంది.

నీ తమ్ముడు
రఘు


షిల్లాంగ్
26 ఏప్రిల్ 2025

ఒరేయ్ రఘూ,

నువ్వు చల్లగా ఉండాలి. ఈ మాట ఎప్పుడూ దీవెనగా రాసేదాన్ని, ఈసారి ఏసీ కోసం కూడా రాస్తున్నాను.

ఆ భయ్యా దగ్గరికి ఇంకోసారి వెళ్ళావంటే నిన్నే మెంటలాసుపత్రిలో చేర్పిస్తాను. మూడు రోజుల్లో గ్యాసెక్కడికి పోతుందిరా, తీర్థయాత్రకా? ఇలా చెయ్యి. ఇంజను ఆన్‌లో పెట్టి, ఏసీ వేసి, బానెట్ ఎత్తు. ఏసీ పైపులు రెండుంటాయి. లావుపాటిదాన్ని పట్టుకుని చూడు. అది చల్లగా ఉండి చెమట పట్టి ఉందనుకో, గ్యాసూ బావుంది, కంప్రెసరూ బావుంది. లోపల చల్లగాలినీ హీటరు గాలినీ కలిపే మూత ఒకటుంటుంది, అది ఎక్కడో ఇరుక్కుందన్నమాట. తిన్నగా సాహిబాబాద్‌లో ధర్మయ్య షెడ్డుకి తీసుకెళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఆ కారు నాడి ఎరిగినవాడు. శ్రీకాకుళం మనిషి, అబద్ధం ఆడడం చేతకాదు. నాన్న పాడె మోసిన నలుగురిలో ఒకడు, మర్చిపోకు.

పని అయ్యాక పాత పార్టులన్నీ సంచిలో వేయించుకుని తీసుకో. నాన్న మాట గుర్తుందా? పాతది చేతిలో పడకుండా కొత్తదానికి నమస్కారం పెట్టకూడదనేవారు. మిక్సీ బాగు చేయించినా పాత బ్రష్షులు అడిగి తెచ్చి అటక మీద పెట్టేవారు. ఆ సంచి నాకు పంపు. మా ఆఫీసు సదాశివరావుగారు వచ్చే నెల మొదట్లో ఢిల్లీ నుంచి ఇక్కడికి ఆడిట్‌కొస్తున్నారు, ఆయన చేతికివ్వు. ఆ మార్కెట్ భయ్యా ఏం మాయ చేశాడో నేనూ చూస్తాను. దాంతోపాటు మా మరదలు వీణ పెట్టిన మాగాయ ఒక సీసా.

ఇక బ్యాటరీ. నా తప్పు కాదంటావు. నువ్వు మంచివాడివి కాబట్టి అంటావు. నవంబరులో ట్రాన్స్‌ఫర్ మీద ఇక్కడికొస్తూ కారు నీకెందుకిచ్చాను? నాన్నని ఆసుపత్రికి తిప్పడానికి. ఎవరికీ ఇవ్వకు, ఎప్పుడూ ఇంటి కిందే ఉండాలి అంటే, సరేనని నాన్న ముందు మాటిచ్చావు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నావు. నేనే, ధర్మయ్య "ఈ బ్యాటరీ చలికి తట్టుకోదమ్మా, మార్చేయండి" అంటే, మార్చిలో వచ్చినప్పుడు చూద్దాంలే అన్నాను. జనవరి తొమ్మిది పొద్దున్న నాన్నకి ఊపిరాడకపోతే నువ్వు తాళం తిప్పావు, కారు ఉలకలేదు. పొగమంచులో అంబులెన్సు రావడానికి గంట పట్టింది. ఆసుపత్రి గేటు దాకా కూడా వెళ్ళలేదు ఆయన.

తర్వాతి వారం నువ్వు కొత్త బ్యాటరీ వేయించానన్నప్పుడు నాకు వాంతి అయింది, తెలుసా? పదోరోజున అందరి ముందూ లేచి నిలబడి తప్పు నాదేనని చెప్పాను. సరోజినీ నగర్ కమల పిన్ని ఆవేళ నుంచి నాతో మాట్లాడదు. ఎందుకు మాట్లాడాలి? వాళ్ళ బావని పొట్టన పెట్టుకున్నదాన్ని. అందుకే ఆ కారు నాకొద్దు. నేనిక అందులో కూర్చోలేను. ఫారాలు తెప్పించాను, సంతకాలు పెట్టి పంపుతాను.

ఇక్కడ వాన. మెట్ల మీద పైన్ ఆకులు సూదుల్లా రాలుతున్నాయి, పొద్దున్నే ఊడ్చి సాయంత్రానికి మళ్ళీ ఊడవాలి.

నేహాకి ముద్దులు. దానికి అ నేర్పు ముందు.

అక్క


వైశాలి
6 మే 2025

అక్కా,

నువ్వు దేవతవి! సదాశివరావుగారు రేపు పొద్దున్నే బయల్దేరుతున్నారు, అందుకని గబగబా రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే లావు పైపు పట్టుకుంటే మంచినీళ్ళ కుండలా చెమట పట్టి చల్లగా ఉంది. ధర్మయ్య కూడా ముందు అదే పట్టుకున్నాడు. "అమ్మగారు ఫోన్‌లో చెప్పారా సార్" అని నవ్వాడు. అసలు సంగతేమిటంటే, చల్లదనం మార్చే నాబ్ ఉంది చూడు, నీలం నుంచి ఎర్ర వైపు తిరిగేది, దాని వెనక కేబుల్ తెగిపోయింది. ఎర్ర వైపు చివరికంటా తిప్పి ఉండగా తెగిందట. మనం నాబ్ ఎటు తిప్పినా లోపల మూత హీటరు వైపే ఉండిపోయింది. ఏసీ పాపం చల్లగా పంపుతూనే ఉంది, దాని పక్కనుంచి హీటరు వేడి కలుపుతోంది. కొత్త కేబుల్ వేశాడు. డాష్‌బోర్డు విప్పాడు కాబట్టి గాలి ఫిల్టరు కూడా మార్చాడు. ఇప్పుడు వైశాలి మెట్రో దాటకుండానే వీణ దుపట్టా కప్పుకుంటోంది!

ఈ బండిలో అమ్మగారు హీటరు ముట్టుకునేవారే కాదు, ఎవరు సార్ ఇంతలా వాడారు అని అడిగాడు ధర్మయ్య. నేనే వాడానని చెప్పాను. డిసెంబరులో నాన్నని రెండుసార్లు చెకప్‌కి తీసుకెళ్ళాను కదా, చలికి వణుకుతున్నారని వేశాను.

సంచి పంపుతున్నాను. మసి, జిడ్డు. వీణ ఇంట్లోకి రానివ్వలేదు, లిఫ్టు పక్కనే పెట్టించింది. నేను విప్పి చూడను కూడా లేదు, ధర్మయ్య కట్టిన ముడి అలాగే ఉంది. మాగాయ సీసా వేరే కవర్లో పెట్టాను, రెండూ కలిపేస్తారేమోనని సదాశివరావుగారికి నాలుగుసార్లు చెప్పాను.

ఫారాలు వీలైతే ఆయన తిరుగు ప్రయాణంలో పంపు.

రఘు


షిల్లాంగ్
14 మే 2025

రఘూ,

మాగాయ అద్భుతం అని వీణకి చెప్పు. ముందు సంతోషం సంగతి రాస్తాను, తర్వాత కోపం.

డిసెంబరులో నాన్నకి హీటరు వేశానని రాశావు చూడు, ఆ ఒక్క ముక్క ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ రెండుసార్లయినా ఆయన నా కారులో వెచ్చగా కూర్చున్నారు. నా వల్ల ఆయనకి అంతమాత్రం సుఖమైనా దక్కింది. నువ్వు రాయకపోతే నాకు తెలిసేదే కాదు. నీకు పుణ్యముంటుందిరా.

ఇక కోపం. సంచి విప్పి పేపరు పరిచి ఒక్కొక్కటీ చూశాను. తెగిన కేబుల్ ఉంది, సరే. ఫిల్టరు చూసి నా కళ్ళు తిరిగాయి. మడతల నిండా పైన్ ఆకులు! నేను రోజూ మెట్ల మీద ఊడ్చేవే. గుప్పెడు రాలాయి. మన కారు నోయిడా, వైశాలి, ఆసుపత్రి తప్ప ఎక్కడికెళ్ళింది? ఘజియాబాద్‌లో పైన్ చెట్టెక్కడుంది? ఎవడిదో కొండలకెళ్ళొచ్చిన టాక్సీ ఫిల్టరు నీ సంచిలో పడేశాడు ధర్మయ్య. అంటే మన ఫిల్టరు మార్చనే లేదు. మార్చినట్టు నీకు చెప్పి, పక్క బండి చెత్త నా మొహాన కొట్టాడు.

ధర్మయ్య! కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోను? నాన్న పాడె పట్టిన చేత్తో ఈ పనా? నాకు నిన్నంతా అన్నం సయించలేదు. ఫిల్టరు ఎంత చిన్నదైతేనేం, నమ్మకం చిన్నదా? నీ జవాబు రానీ, ఫోన్ చేసి కడిగి పారేస్తాను. ఇక జన్మలో ఆ షెడ్డు గడప తొక్కకు.

ఫారాల మీద సంతకాలు చేశాను. బీరువాలో ఉన్నాయి. సదాశివరావుగారు నెలాఖరు దాకా ఇక్కడే ఉంటారు, వెళ్ళేటప్పుడు ఇస్తాను.

అక్క


వైశాలి
20 మే 2025

అక్కా,

నీ ఉత్తరం చూసి తిన్నగా షెడ్డుకే వెళ్ళాను. గట్టిగా నిలదీశాను. మొదట బుకాయించాడు గానీ చివరికి ఒప్పుకున్నాడు. ఎవరిదో టాక్సీ ఫిల్టరేనట. చేతులు జోడించాడు, అమ్మగారికి చెప్పకండి సార్, మొహం చూపించలేను అన్నాడు. ముసలాడు, ఏమంటాం? కొత్త ఫిల్టరు నా ముందే వేయించాను.

నువ్వు ఫోన్ చెయ్యకు అక్కా. అయిందేదో అయింది. మనుషులంతే. మనసులో పెట్టుకుంటే నీ బీపీయే పెరుగుతుంది. నేనున్నానుగా ఇక్కడ, నేను చూసుకుంటాను.

నేహాకి సెలవులు. నువ్వెప్పుడొస్తావని అడుగుతోంది. మళ్ళీ ఢిల్లీకే ట్రాన్స్‌ఫర్ అడిగానన్నావు, ఆర్డరు వచ్చిందా? ఫారాలు సదాశివరావుగారికి మర్చిపోకుండా ఇవ్వు.

రఘు


షిల్లాంగ్
25 మే 2025

రఘురామ్,

నీ ఉత్తరం అందగానే ధర్మయ్యకి ఫోన్ చేశాను. వద్దన్నావు, అయినా చేశాను. ఎందుకో తెలుసా? తిట్టడానికి కాదు. అంత పెద్దాయన చేతులు జోడించాడని రాశావే, నాకు మనసు కలుక్కుమంది. పోనీలే ధర్మయ్యా, నేనేం మనసులో పెట్టుకోలేదు అని చెబుదామనుకున్నాను.

ఆయనకి నా మాట అర్థం కాలేదు. రఘు సార్ రాలేదమ్మా, పని అయ్యాక మళ్ళీ కనిపించనే లేదు, దేనికి ఒప్పుకోవాలి నేను అన్నాడు. పైన్ ఆకుల సంగతి చెబితే, "అమ్మా, ఆ ఫిల్టరు అంచు తడిగుడ్డతో తుడిచి చూడండి" అన్నాడు.

తుడిచాను. దుమ్ము కింద నల్ల మార్కరుతో మన కారు నంబరు, దాని పక్కన 18-11-24. ఆయన ఏ ఫిల్టరు వేసినా అంచు మీద అలా రాస్తాడు. నవంబరు పద్దెనిమిదిన కారు నీకప్పగించే ముందు సర్వీసు చేయించినప్పుడు, నేను పక్కన కుర్చీలో కూర్చుని ఉండగా రాశాడు. అది మన ఫిల్టరే. ఆ ఆకులు మన కారులోకి వచ్చినవే, ఆ తారీకు తర్వాత.

ఇంకొకటి కూడా చెప్పాడు. నేను అడగలేదు, మాటల్లో ఆయనే అన్నాడు. "బ్యాటరీ భలే లాగుతోందమ్మా. నవంబరులో మార్చమని నేనన్నదే ఇంకా ఉంది. చలికాలం తట్టుకోదనుకున్నాను, నా అంచనా తప్పింది."

ఫోన్ పెట్టేసి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాను.

మన కారు కొండల మీదికి ఎప్పుడు వెళ్ళింది? ఎవరు తీసుకెళ్ళారు? జనవరి తొమ్మిది పొద్దున్న ఎక్కడుంది? మూడు ప్రశ్నలు. సొంత చేతిరాతతో రాయి.

జానకి


వైశాలి
31 మే 2025

అక్కా,

నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది.

ముస్సోరీ. జనవరి ఏడున వెళ్ళింది, తొమ్మిది సాయంత్రం వచ్చింది. వీణ తమ్ముడు గోపీకృష్ణ. కొత్తగా పెళ్ళైంది, పెళ్ళానికి మంచు చూపిస్తానన్నాడు. నేను ముందు కుదరదన్నాను. నాన్న అప్పుడు బాగానే ఉన్నారు అక్కా, నా మీద ఒట్టు. మూడు రోజులేగా అంది వీణ. ఇంటి అల్లుడివి, నీ మాటకి మా వాళ్ళలో ఎంత విలువో ఈ దెబ్బతో తెలుస్తుందంది. తాళాలిచ్చాను.

తొమ్మిదిన పొద్దున్న ఆరున్నరకి నాన్న గుండె పట్టుకున్నారు. నేను మెట్లు దిగి పరిగెత్తాను. కిందికి వెళ్ళాకగానీ కారు లేదని గుర్తు రాలేదు. నమ్ము. పార్కింగులో ఖాళీ చోటు చూస్తూ నిలబడిపోయాను. పొగమంచులో ఒక్క క్యాబూ రాలేదు.

నువ్వు ఫోన్ చేసి, కారు ఏమైందిరా అని అరిచావు. స్టార్ట్ కాలేదన్నాను. ఆ క్షణంలో నోటికొచ్చింది అది. బ్యాటరీ అని నేననలేదు అక్కా. నువ్వే అన్నావు. "అయ్యో, బ్యాటరీ! నేనే మార్చలేదు, నేనే చంపుకున్నాను" అని నువ్వే అన్నావు. నేను ఊఁ అన్నాను. అంతే. మర్నాడు నువ్వు దిగేసరికి కారు ఎప్పటి చోటే ఉంది. చెబుదామనుకున్నాను. రోజు గడిచేకొద్దీ దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. కొత్త బ్యాటరీ వేయించాననడం, హీటరు నాన్నకి వేశాననడం, ధర్మయ్య ఒప్పుకున్నాడనడం, అన్నీ ఆ ఒక్క ఊఁ వెనకే వచ్చాయి.

కారు ఉన్నా బతికేవారని గ్యారంటీ ఏముంది? డాక్టరు కూడా చెప్పలేడు. అది ఆలోచించు.

నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కటే అడుగుతున్నాను. కమల పిన్నికీ, మిగతావాళ్ళకీ చెప్పకు. గోపీ పెళ్ళాం కడుపుతో ఉంది. వీణ పుట్టింట్లో తలెత్తుకోలేదు. నీ మీద కోపాలు ఎలాగూ చల్లారిపోతున్నాయి కదా. ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ అక్కా.

రఘు


షిల్లాంగ్
6 జూన్ 2025

రఘురామ్‌కి,

నీ ఉత్తరం అందింది. చివరి పేరా చదివేదాకా నీ మీద జాలి ఉండింది. పార్కింగులో ఖాళీ చోటు చూస్తూ నిలబడ్డానని రాసినచోట నాకూ ఏడుపొచ్చింది. మా తమ్ముడే కదా, బెదిరిపోయాడు పాపం అనుకున్నాను. తర్వాత ఆ చివరి ముక్క. నా మీద కోపాలు చల్లారిపోతున్నాయా? ఎవరు చెప్పారు నీకు? నాలో చల్లారిందా అని అడిగావా ఒక్కసారైనా?

కారు ఇచ్చినందుకు నిన్ను తిట్టను. బలహీనత మనిషికుంటుంది. కారు ఉంటే నాన్న బతికేవారో లేదో నాకూ తెలీదు, ఆ దేవుడికి తెలియాలి. ఐదు నెలలుగా నేను ఏ లెక్క వేసుకుని ఏడ్చానో, ఇప్పుడు ఆ లెక్క నువ్వు వేసుకో.

నేను క్షమించలేనిది వేరే ఉంది.

జనవరి పదకొండో తారీకున, నాన్న దహనం అయ్యి ఇంటికొచ్చాక, నేను పార్కింగులోకి దిగి ఆ కారు బానెట్‌కేసి తల బాదుకున్నాను. నువ్వు వెనకే వచ్చావు. నన్ను పట్టుకుని లేపావు. "పోనీలే అక్కా, నేను క్షమించాను, నాన్న కూడా క్షమించేసుంటారు" అన్నావు. నేను నీ రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాను. నీకన్నా ఏడేళ్ళు పెద్దదాన్ని. నీకు తడిగుడ్డలు మార్చినదాన్ని. నీ తప్పుకి నువ్వు నన్ను క్షమిస్తుంటే, దణ్ణం పెట్టి పుచ్చుకున్నాను.

ఆ బానెట్ కింద బ్యాటరీ నిక్షేపంగా ఉంది. అది నీకు తెలుసు. తెలిసే నా తల నిమిరావు.

ఇక పనులు. ఫారాలు చింపేశాను. పద్నాలుగో తారీకుకి ఢిల్లీలో దిగుతున్నాను, సరోజినీ నగర్‌లో క్వార్టర్ ఇచ్చారు. ఈలోగా కారు ధర్మయ్య షెడ్డులో పెట్టి తాళాలు ఆయనకివ్వు. ఇచ్చేటప్పుడు ఆయన్ని దొంగని చేశానని నీ నోటితో చెప్పు. చెప్పావో లేదో ఆయన్నడిగి కనుక్కుంటాను. కారు నేను నడుపుకుంటాను. దాని తప్పేమీ లేదు.

కమల పిన్నికి నేను చెప్పను. నువ్వు చెప్పాలి. పదకొండున నాన్న మాసికం పెడుతున్నావు కదా, పిన్నీ బాబాయీ అందరూ వస్తారు. పదోరోజున నేను లేచి నిలబడినట్టే నువ్వు లేచి నిలబడు. గోపీ పెళ్ళాం కడుపుతో ఉందని ఆలోచించావు, చాలా మంచి పని. వాళ్ళ పేరెత్తకు. కారు నేనిచ్చేశాను, అబద్ధం నేనాడాను, అక్క తప్పు లేదు. మూడు ముక్కలు, నీ తప్పు మట్టుకే. ఎవరి పరువూ పోదు, నీది తప్ప.

చెబుతావో చెప్పవో నాకు తెలీదు. నువ్వు చెప్పలేదనుకో, పద్నాలుగున పిన్ని ఇంటి గుమ్మంలో నేను నిలబడితే తలుపు తీసి మళ్ళీ వేసేస్తుంది. నేను నోరు విప్పను. విప్పితే తమ్ముడి మీదికి నెడుతున్నాననుకుంటారు, అది కూడా నీకు తెలుసు. మూసిన తలుపు ముందు నుంచి మెట్లు దిగి వెళ్ళిపోతాను. అప్పుడు నాకు నాన్నతోపాటు తమ్ముడూ పోయాడని లెక్క రాసుకుంటాను.

జానకీదేవి